చంద్రుడి మీద నాలుగు సాంచాలు

నాకు ఉద్యోగం పర్మినెంట్ అయింది. ఈ ముక్క ఇప్పటికి మా వాడలో అందరికీ చెప్పేశాను. పాలపాకెట్లు అమ్మే ఆమెకైతే రెండుసార్లు చెప్పాను, మొదటిసారి సరిగ్గా వినలేదేమోనని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. బాపు రెండో తరగతిలోనే పలక పక్కన పెట్టి, మగ్గాల దగ్గర కండెలకు నూలు చుట్టడానికి కూర్చున్నాడట. అమ్మకు పలక కూడా లేదు, ఏకంగా ఒళ్లోకి బీడీల చాట వచ్చింది. అలాంటి ఇంట్లోంచి బీఎస్సీ పాసై, మెడలో ఐడీ కార్డు వేసుకుని, నెల మొదట్లో జీతం పడే కొలువు తెచ్చుకున్నాను. చెప్పుకోకుండా ఎట్లా ఉంటాను?

"ఏం కొలువే పిల్లా?" అని పక్కింటి పెద్దమ్మ అడిగింది.

"బడి పిల్లల్ని చంద్రుని మీదికి తీస్కపోత పెద్దమ్మా."

"తీస్కపోతవ్ సరే. మల్ల తోల్కస్తవా, ఆణ్నే ఇడిసిపెట్టస్తవా?"

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఇట్లా ఎవరు అడిగినా ఉత్సాహంగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి మాత్రం దాటేస్తున్నాను. ఇక్కడ అది కూడా రాస్తాను.

మాది సిరిసిల్ల. బాపు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. డిగ్రీ అయిపోయిన ఏడాది, జగిత్యాలలో ఒక కంపెనీ సైన్సు చదివినవాళ్లను తీసుకుంటుందని తెలిసి పోయాను. మొబైల్ షాపు మీద రెండు గదులు, అదే ఆఫీసు. కంపెనీ అసలు హైదరాబాద్‌ది. బళ్లకు వీఆర్ హెడ్‌సెట్లు తీసుకుపోయి, సౌరకుటుంబం ఆట ఆడించి, పాఠం చెప్పి రావాలి. మేం ఆరుగురం. ఆరు నెలలు చూస్తామన్నారు. మేనేజర్ సారు మొదటిరోజే చెప్పాడు: "మీరు తిరిగే బళ్లు ఆర్డర్ పెడితే మీకు ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే సర్టిఫికెట్ ఇస్తాం." సర్టిఫికెట్లు మా ఇంట్లో అప్పటికే ఒక డబ్బా నిండా ఉన్నాయి. నాకు కావలసింది ఉద్యోగం.

హెడ్‌సెట్ మొదటిసారి పెట్టుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ముఖానికి దిట్టంగా బిగించుకునే నల్ల డబ్బా, రెండు చేతుల్లో రెండు రిమోట్లు. గురుగ్రహం మీద ఎర్ర మచ్చ అంటే పెద్ద తుఫాను అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ తుఫాను నా కాళ్ల కింద మెల్లగా తిరుగుతుంటే, ఇన్నేళ్లూ నేను చదివింది దీని గురించేనా అనిపించింది. శని వలయాల్లోకి పోయి ఒక మంచుగడ్డ పట్టుకున్నాను. డబ్బా తీసి చూస్తే నా చెయ్యి గోడమీది స్విచ్చుబోర్డు మీద ఉంది. ఆ రోజు జగిత్యాల నుంచి సిరిసిల్ల బస్సులో నిలబడే వచ్చాను, కాళ్లు నొప్పి పుట్టినట్టు కూడా తెలియలేదు.

ఆట ఇట్లా ఉంటుంది. ముందు రాకెట్‌లో కూర్చుంటాం. చెవులు పగిలే మోత. ఎదురుగా భూమి చిన్నదవుతూ పోతుంది. కొంచెం సేపటికి ఇంజన్ ఆగిపోతుంది. మోత మొత్తం ఒక్కసారిగా తెగిపోతుంది. గాలి లేనిచోట చప్పుడు ఉండదు కదా, ఆ పాఠం అదే. తర్వాత చంద్రుడి మీద దిగి ఎగరడం, రాళ్లు ఏరడం. ప్రతి గ్రహం మీదా ఒక కాంటా ఉంటుంది, మన బరువు మారుతూ ఉంటుంది. ప్రశ్నకు జవాబు చెబితే ఇంధనం వస్తుంది, తప్పు చెబితే తగ్గుతుంది. శుక్రుడి వేడిలో ఎక్కువసేపు నిలబడితే కళ్లముందు అంతా ఎర్రగా మారి ఆట పోతుంది. పిల్లలకు ఆ శుక్రుడంటేనే ఇష్టం. రాయికల్‌లో ఒక గుంపు నా చుట్టూ చేరి, "టీచర్, టీచర్, ఇంకొక్కసారి కాల్తం టీచర్!" అని బతిమాలారు.

అన్నింటికంటే ఆ నిశ్శబ్దం నాకు ఇష్టం. ఇంజన్ ఆగే ముందు ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లగాడికీ చెవి దగ్గర చెప్పేదాన్ని: "ఇప్పుడు సప్పుడు బంద్ అయితది, భయపడొద్దు, ఎందుకు బంద్ అయిందో నువ్వే నాకు చెప్పాలె." ఒక్కరికి కూడా చెప్పకుండా వదల్లేదు.

కోరుట్లలో ఒక అమ్మాయి అసలు భూమి దాటి పోలేదు. రిమోట్‌తో భూగోళాన్ని తిప్పుతూ కూర్చుంది. "టీచర్, దుబాయ్ ఏడున్నది?" అంది. చూపించాను. "గీడ ఇంక ఎండనే ఉన్నది. మా బాపు ఎండల పని జేస్తుండు," అంది. తర్వాత నేను చంద్రుడన్నా కదల్లేదు, అంగారకుడన్నా కదల్లేదు. ఇంధనం అయిపోయి ఆట ఆగింది. తోటి పిల్లలు "నీకు సున్నా అచ్చింది" అని ఎక్కిరించారు. ట్యాబ్‌లో ఒక్కొక్కరి గురించి రిపోర్టు నింపాలి. అక్కడున్న గడుల్లో ఆ పిల్లకు సరిపోయే గడి ఒక్కటీ లేదు. "ఆట అర్థం కాలేదు" అన్న దాని మీద టిక్కు పెట్టాను. నాకు అప్పటికి నాలుగు నెలలు నిండాయి. రిపోర్టులు టైముకు పంపుతానని ఆఫీసులో మంచి పేరుంది.

ఐదో నెలలో సిరిసిల్లలో మా బడికే వెళ్లే రోజు వచ్చింది, నేను చదివిన బడికి. పిల్లల అమ్మానాన్నలను కూడా పిలిచారు. మేనేజర్ సారు హైదరాబాద్ నుంచి కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇక్కడ ఆర్డర్ వస్తే చుట్టుపక్కల బళ్లన్నీ వస్తాయి. పెద్దవాళ్లలో ఎవరో ఒకరికి పెట్టించాలి. ఎవరున్నారు?" అన్నాడు. నా నోరు ఆగలేదు. "మా నాన్న సార్. సాంచాలు నడుపుతాడు. నేను తీసుకొస్తా."

బాపు డ్యూటీలో ఉన్నాడు. సాంచాల షెడ్డులో మోతకు మాటలు వినపడవు, అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, కళ్లకు రెండు చేతులు అడ్డం పెట్టి, వేలు పైకి చూపించి, రమ్మని ఊపాను. అర్థమైంది. పక్క వరుసలో సాంచాలు నడిపే మామకు తన నాలుగు సాంచాలు అప్పజెప్పాడు. ఆయన మాకు చుట్టం కాదు, బాపును బావా అంటాడు కాబట్టి నాకు మామ. బాపు ముఖం కడుక్కుని, మేకుకు వేలాడే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. కనుబొమల మీద దూది పొట్టు అట్లాగే ఉంది. తుడవబోయాను, మళ్లీ ఎందుకో ఉండనిచ్చాను. ఫోటోలో బాగుంటుందనుకున్నాను. ఇప్పుడు అది గుర్తొస్తే నా మీద నాకే రోత.

బడి హాల్లో అందరి ముందూ నిలబెట్టాను.

"ఏం జెయ్యాలె బిడ్డా?" అన్నాడు. సాంచాల మీదుగా అరిచినట్టే అరిచాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"గంత గట్టిగ ఒర్రకు బాపు. అందరు ఇంటుండ్రు."

"నేనేడ ఒర్రుతున్న?" అని ఇంకా గట్టిగా అన్నాడు.

హెడ్‌సెట్ బిగించాను. ఆయన చూసేదంతా పక్కనున్న పెద్ద టీవీలో అందరికీ కనపడుతుంది. రాకెట్ మోత మొదలైంది. పిల్లలైతే అక్కడ ఉలిక్కిపడతారు. బాపు భుజాలు వదులయ్యాయి. పెదాల మీదికి నవ్వొచ్చింది. "మన షెడ్డు లెక్కనే ఉన్నది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు గాలిలో తేలినట్టుంది.

చప్పుడు ఆగిపోతుందని అందరికీ చెప్పే మాట, బాపుకు చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఆయన ఆశ్చర్యపోవడం చూడాలనిపించింది.

ఇంజన్ ఆగింది.

సాంచాల మనిషికి మోత తెగిపోవడమంటే ఒకటే అర్థం. కరెంట్ పోయింది. పోయిన క్షణంలో హ్యాండిళ్లన్నీ కొట్టి సాంచాలు బంద్ చేయాలి. చేయకపోతే, కరెంట్ తిరిగి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే లేస్తాయి. అటూ ఇటూ పోగు తీసుకుపోయే నాడె మధ్యలో ఇరుక్కుని వందల పోగులు తెగుతాయి. అవన్నీ అతుక్కోవాలంటే ఒక పూట పోతుంది. ముందు రెండు సాంచాలు, వెనక రెండు, మధ్యలో మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ చేతులకు ఆ పని కళ్లతో పని లేకుండా వచ్చు.

"కరెంట్ పోయింది! హ్యాండిళ్లు కొట్టుండ్రి! నాడె ఇరుక్కుంటది!"

హాలు మొత్తం అదిరింది. బాపు కుడిచేత్తో ఒకటి కొట్టాడు, ఎడమచేత్తో ఒకటి. గిర్రున వెనక్కి తిరిగి ఇంకొకటి, ఇంకొకటి. రిమోట్ ఒకటి ఎగిరి బెంచీ కిందికి పోయింది. టీవీలో నిండు చంద్రుడు లేచి వస్తున్నాడు, దాని ముందు మా బాపు లేని సాంచాలను బంద్ చేస్తున్నాడు. నాలుగూ ఆగాయని నమ్మకం కుదిరాక చేతులు దులుపుకున్నాడు. కరెంట్ పోయినప్పుడు ఎప్పుడూ చేసినట్టే, వెనకాల సాంచాకు ఆనుకుందామని మెల్లగా ఒరిగాడు. వెనకాల ఏమీ లేదు. వెల్లకిలా పడ్డాడు.

పిల్లలు నవ్వారు. టీచర్లు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. మేనేజర్ సారు కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వుకుంటూనే పోయి డబ్బా తీశాను. బాపు కింద కూర్చునే పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. "ఫ్యాను తిరుగుతుంది గదా," అని మెల్లగా అన్నాడు. నా చిన్నప్పటి నుంచి ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు. తర్వాత నా ముఖం చూశాడు. లేచి చొక్కా దులుపుకుని, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. దెబ్బేం తాకలే," అని అందరికీ దండం పెట్టి డ్యూటీకి పోయాడు.

సాయంత్రం అమ్మ అడిగింది: "ఏం జూసినవయ్యా? సందమామ ఎట్లున్నడు?"

"ఏం జూడలే. సాంచాలు జూసుకునేసరికే అయిపాయె."

వారం తిరక్కముందే వీడియో బయటికొచ్చింది. కెమెరా అతను దానికి వెనక నుంచి సాంచాల మోత కలిపాడు, నవ్వులు కలిపాడు, పడ్డచోట మళ్లీ మళ్లీ పడేటట్టు చేశాడు. పైన "చంద్రుడి మీద కరెంట్ పోయింది" అని అక్షరాలు. ఎవరు మొదలుపెట్టారో, అందరి ఫోన్లలోకి వచ్చింది. కోరుట్లలో నేను ఎక్కిన ఆటోలో డ్రైవరే నాకు చూపించాడు. "చూసినవా అక్కా? ముసలాయన మస్తు కామెడీ." చూశానన్నాను.

సిరిసిల్లలో టీ హోటల్ దగ్గర బాపును చూడగానే మొదలయ్యేది.

"బావా, ఇయ్యాల చంద్రుని మీద ఎన్ని మీటర్లు నేసినవ్?"

"ఆడ కూలీ ఎట్ల గిట్టుబాటైతుందే? మమ్ముల గూడ తీస్కపో!"

"తీస్కపోత," అన్నాడు బాపు. "మీ అసొంటోళ్లను ఆణ్నే ఇడిసిపెట్టస్త." మొదట్లో ఆయనా జవాబులిచ్చాడు. తర్వాత తర్వాత నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత టీ తాగడానికి పోవడం మానేశాడు.

హోటల్ సంగతి పెద్దది కాదు. పెద్దది షెడ్డులో జరిగింది. ఇన్నేళ్లూ కరెంట్ పోయినప్పుడల్లా ఆ కేక బాపుదే. మోతలో తేడా అందరికంటే ముందు ఆయన చెవికే తెలిసేది. కొన్నిసార్లు కరెంట్ పూర్తిగా పోకముందే, సాంచాలు నీరసపడుతున్నప్పుడే అరిచేవాడు. ఆయన అరిస్తే ఎక్కడివాళ్లక్కడ హ్యాండిళ్లు కొట్టేవాళ్లు. కుర్ర కార్మికులు కూడా ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు కాదు. షెడ్డు యజమానిని మేం ఆసామి అంటాం. ఆయన కూడా "నువ్వున్నవని నాకు రంది లేదు" అనేవాడట. ఇప్పుడు బాపు అరవగానే షెడ్డంతా నవ్వడం మొదలుపెట్టింది. వీడియోలో లాగా వెల్లకిలా పడినట్టు చేసి చూపించేవాళ్లు ఒకరిద్దరు. ఆ నవ్వుల్లో హ్యాండిలు కొట్టడం ఆలస్యమయ్యేది. ఒకరోజు బాపు అరవలేదు. తన నాలుగూ బంద్ చేసుకుని గమ్మున నిలబడ్డాడు. కరెంట్ వచ్చేసరికి పక్క వరుసల్లో రెండు సాంచాల పోగులు కుప్పగా తెగాయి.

మామ ఇంటికి వచ్చి మరీ అడిగాడు. "ఒర్రవైతివేంది బావా?"

"ఒర్రితే నవ్వుతుండ్రు గదరా."

"నవ్వుతె నవ్వనియ్."

"నువ్వు గూడ నవ్వినవ్," అన్నాడు బాపు. మామ లేచి చెప్పులు వేసుకున్నాడు. పక్కగదిలో నేను హెడ్‌సెట్ల అద్దాలు తుడుస్తూనే ఉన్నాను.

నేను ఊరికే ఉండలేదు, అది కూడా చెప్పాలి. వీడియో తీసేయమని అడగడానికే జగిత్యాల ఆఫీసుకు పోయాను. ఏమనాలో బస్సులో రెండు గంటలు లోపల్లోపల అనుకుంటూ పోయాను. నేను నోరు తెరవకముందే మేనేజర్ సారు కుర్చీ చూపించాడు.

"రామ్మా, కూర్చో. ఆ వీడియో చూసి బళ్లవాళ్లే ఫోన్లు చేస్తున్నారు తెలుసా? ఆర్డర్లు బాగా వచ్చాయి. ఆరుగురిలో ఇద్దరిని పర్మినెంట్ చేస్తున్నాం. అందులో నువ్వు ఫస్ట్."

ఒక కవరు ఇచ్చాడు. తీసి చూశాను. నా పేరు, దాని కింద జీతం. తర్వాత ఇంకో కాగితం టేబుల్ మీద పెట్టాడు.

"ఇదొక చిన్న పేపర్. మీ ఫాదర్ సంతకం కావాలి. ఆ వీడియో, ఫోటోలు పబ్లిసిటీకి వాడుకోవడానికి. మీ ఫాదరే కదా, ప్రాబ్లెం ఏముంటుంది?"

"ఏం లేదు సార్. థాంక్యూ సార్," అన్నాను.

సంతకం తెస్తేనే ఉద్యోగమని ఆయన అనలేదు. నేనే అట్లా అనుకున్నాను. ఇప్పటికీ ఆయన అనలేదన్న సంగతిని ఎటు తోయాలో తెలియడం లేదు.

మా ఇంట్లో సంతకాల పద్ధతి ఒకటుంది. ఆరో తరగతిలో స్కాలర్‌షిప్ ఫారం తెచ్చినప్పటి నుంచి, ఫారం నేనే నింపుతాను, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాను, బాపు ఆ వేలు పక్కన పెడతాడు. ఏం రాసుందని ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. చదువుకున్న పిల్ల తెచ్చిన కాగితాన్ని చదవమని అడగడం ఆయనకు మర్యాద కాదు. అమ్మ ఎప్పుడైనా "ఏం కాయితమే?" అంటే, "దానికి తెల్వదా?" అని అమ్మనే కసిరేవాడు.

పొద్దున డ్యూటీకి పోయేముందు కాగితం ముందు పెట్టాను.

"ఏంది బిడ్డా?"

"నా కొలువు కాయితం బాపు. పర్మినెంట్ అయింది."

"నిజంగనా?" చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచిన చెయ్యే మళ్లీ తుడుచుకున్నాడు. "ఏడ వెట్టాలె?"

వేలు పెట్టి చూపించాను. ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాశాడు. కాగితం అంతా ఇంగ్లిషులో ఉంది. తెలుగులో ఉన్నా నేను అదే మాట చెప్పి ఉండేదాన్నని ఇప్పుడు తెలుసు.

ఆ రోజు బాపు రెండు కిలోల జిలేబి కొన్నాడు. షెడ్డంతా పంచాడు. ఎన్నో రోజుల తర్వాత టీ హోటల్‌కు పోయి, నవ్వినవాళ్లకు కూడా తన చేత్తో నోట్లో పెట్టాడట. "మా బిడ్డకు పర్మినెంట్ అయింది. పెన్నులు పట్టే కొలువు," అని. నేను పట్టేది పెన్నులు కాదని ఆయనకు చెప్పలేదెవరూ.

పదిహేను రోజులకు జగిత్యాల ఆఫీసు ముందుకు కొత్త వ్యాన్ వచ్చింది. ఒక పక్క మొత్తం బాపు బొమ్మే. ముఖానికి నల్ల డబ్బా, తెరిచిన నోరు, రెండు వైపులా చాచిన చేతులు. కనుబొమల మీద దూది కూడా ఉంది. చుట్టూ చంద్రుడి గుంతలు, గుంతల్లో నాలుగు సాంచాలు గీశారు. కింద "మీ ఊళ్లోకి అంతరిక్షం" అని. మనిషి కంటే పెద్దగా ఉన్నాడు. నేను ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఆ వ్యాన్‌లోనే రాయికల్ పోయాం. దిగగానే పిల్లలు మూగారు.

"టీచర్, టీచర్! గీ తాత ఎవలు?"

"యాక్టర్," అన్నాను.

"యాక్టింగ్ మస్తు జేసిండు టీచర్!"

తర్వాతి వారం సిరిసిల్ల వంతు. బడి వెనక ఆపమని డ్రైవర్‌ను బతిమాలాను. "వెనక నీడ లేదు మేడమ్," అని టీ హోటల్ పక్కన చెట్టు కింద పెట్టాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది.

నేను ఇంటికి వచ్చేసరికి బాపు అప్పటికే వచ్చి ఉన్నాడు. అమ్మ చాట ముందు పెట్టుకుని కూర్చుంది, ఆమె చేతులు మాత్రం ఆగి ఉన్నాయి.

"బండి మీద నా బొమ్మ ఉన్నది," అన్నాడు బాపు. "నువ్వు జూసినవా?"

"జూసిన."

"ఎవలు పెట్టుమన్నరు?"

చెప్పాను. ఆ రోజు పెట్టిన సంతకం దానికేనని చెప్పాను. చెప్పేటప్పుడు కొంచెం అటూ ఇటూ తిప్పి చెప్పబోయాను గానీ, ఆయన నా పెదాలు చూస్తున్నాడు. షెడ్డులో మనుషులను చూసినట్టు.

"నీ కొలువు కాయితం అంటివి."

"కొలువు గూడ దానితోనే అచ్చింది బాపు."

అమ్మే అంది: "పోనియ్ అయ్యా. పిల్ల గదా, ఏమన్న..."

"నేనేమన్న తిడుతున్ననా?" అన్నాడు. నా వైపు తిరిగాడు. "చెప్తే పెట్టకపోదునా? నీ కొలువంటే బొమ్మేంది, నన్నే తీస్కపోయి బండెక్కించి ఊరూరు తిప్పుతమన్నా నిలవడకపోదునా? నవ్వేటోళ్లు నవ్వుతరని ఊకుందును. చెప్పకపోతివి."

"తీపిస్త బాపు."

"నీతోని అయితదా?"

కాదు. ఇద్దరికీ తెలుసు. నా జీతం, నా ఐడీ కార్డు, నా పర్మినెంట్ అంతా ఆ బండితోనే తిరుగుతోంది. నేను తల దించుకున్నాను. ఆయన లేచి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. "పిల్లకు గూడ పెట్టు," అని అమ్మకు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాతో మామూలుగానే ఉన్నాడు. బస్సు దొరికిందా, తిన్నావా అని అడుగుతాడు.

మొన్న ఆఫీసులో బీమా కాగితం ఇచ్చారు. పర్మినెంట్ అయినవాళ్లు అమ్మానాన్నలను కూడా అందులో చేర్చుకోవచ్చు. సాంచాల మోతకు మందగించిన బాపు చెవులకు పరీక్ష చేయించుకోవచ్చు, చెవి మిషన్ కూడా పెట్టించుకోవచ్చు. ఇది నిజంగా మంచి కాగితం. ఎగురుకుంటూ ఇంటికి తెచ్చాను. ఈసారి ఒక్క గీత వదలకుండా తెలుగులో చదివి చెప్పాను. చెవుల సంగతి రెండుసార్లు చెప్పాను. బాపు అంతా విన్నాడు. తలూపాడు. "మంచిగనే ఉన్నది," అన్నాడు.

సంతకం పెట్టేచోట వేలు పెట్టాను.

బాపు నా వేలు వైపు చూశాడు. తర్వాత కాగితాన్ని మెల్లగా నా చేతి కింది నుంచి లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంగ్లిషుల ఉన్నది గదా బిడ్డా. ఆసామికి జూపెట్టి, సదివిచ్చుకోని పెడ్త."

చెప్పులు తొడుక్కుని డ్యూటీకి పోయాడు. అమ్మ తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తూ ఉంది.

ఆఫీసులో ఆ కాగితం ఏదని రోజూ అడుగుతున్నారు. మా నాన్న ఊళ్లో లేడని చెప్పాను.